ముత్యాలమ్మ కుడిభుజం

ముత్యాలమ్మకు కుడి అంటే ఎదురుగా నిలబడ్డ మనకు ఎడమ. ఈ చిన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా వచ్చిన తల్లిదండ్రుల తలకెక్కదు. పువ్వు రాలగానే ఏడవాల్సినవాళ్లు చేతులెత్తి మొక్కుతారు, మొక్కాల్సినవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుంటారు. అప్పుడు వెంకటక్క గర్భగుడి గడప దగ్గర్నుంచి, "అమ్మ కుడి సూడండప్పా, మీ కుడి గాదు!" అని కసురుకుంటుంది. ఎనిమిదేళ్లుగా ఇదే వరస.

రాయచెర్లు పక్క మిట్ట మీద ఉన్న ఆ గుడిలో పూజ వెంకటక్క అత్తగారింటి ఆడవాళ్లది. అత్త పోయాక ఆమె చేతికొచ్చింది. గుడిని ఆనుకుని పొడుగాటి రేకుల షెడ్డు ఒకటి ఉంది. అదే బడి. బడంటే సర్కారు బడి అనుకునేరు, కాదు. ఎస్సెస్సెల్సీ, అంటే పదో తరగతి, తప్పినవాళ్లు, తొమ్మిదిలోనే 'మీవాడితో మావల్ల కాదు' అని హైస్కూలువాళ్లు టీసీ చేతిలో పెట్టి పంపినవాళ్లు, ఏడాదికి ఏడెనిమిది మంది వచ్చి చేరతారు. తెల్లవారి అయిదింటికి చన్నీళ్ల స్నానం, ముత్యాలమ్మకు భజన, ఆ తర్వాత ఎనిమిది దాకా గొంతెత్తి చదవడం, పగలంతా పాఠాలు. మగపిల్లలు షెడ్డులో పడుకుంటారు, ఆడపిల్లలు వెంకటక్క ఇంట్లో. ఫీజు లేదు. నడిపేది సంజీవప్ప సారు. నిడుగల్లు మనిషి, లెక్కల మేష్టరుగా రిటైరైనవాడు. వంట కూడా వెంకటక్కే చేస్తుంది గనుక అమ్మవారూ పిల్లలూ ఒకే చేతి వంట తింటారు.

సారు అన్నింట్లో మంచివాడే గానీ ఒక పట్టుదల ఉంది. పరీక్షకు ఎవరిని పంపాలో, ఎవరిని ఇంకో ఏడాది ఆపాలో తను తేల్చడు. ముత్యాలమ్మను పువ్వు అడుగుతాడు. ఈ పక్క జనం పెళ్లికీ, బోరు వేయడానికీ అడిగినట్టే. అమ్మవారి రెండు భుజాల మీదా తడి చామంతులు అతికించి, పిల్లనో పిల్లవాడినో ఎదురుగా కూర్చోబెట్టి భజన మొదలుపెడతారు. కుడిభుజం పువ్వు ముందు రాలితే పరీక్షకు ఫారం కట్టొచ్చు. ఎడమది రాలితే వచ్చే ఏడాదే. ఏదీ రాలకపోతే అమ్మ మాట్లాడలేదని అర్థం, అదీ లేదన్నట్టే. అయితే ఏదీ రాలకపోవడం ఇంతవరకు జరగలేదు. రోజుకు ఒక్కరికే అడగాలి.

"లెక్కలు చెప్పినోడివి, పువ్వును అడిగేదేంది సారూ" అని నవ్వినవాళ్లున్నారు. సారు నవ్వలేదు. బడి పెట్టిన మొదటి ఏడాది ఆయన తన లెక్క మీద నమ్మకంతో ఒక పిల్లవాణ్ని 'వీడు గట్టెక్కుతాడు' అని పరీక్షకు పంపాడు. వాడు తప్పాడు. రిజల్టు వచ్చిన సాయంత్రం బెంగళూరు బస్సెక్కినవాడు ఇంతవరకు ఇల్లు చేరలేదు. వాడి తల్లి ఇప్పటికీ పావగడ బస్టాండులో కనబడితే సారు అంగళ్ల వెనక సందులోంచి తప్పుకుని పోతాడు. "నా లెక్కతో ఇంకొకరి బతుకు తూచను" అని ఆనాడే అనుకున్నాడు. మరుసటి ఏడాది నుంచి పువ్వే.

పువ్వు తప్పలేదు. ఎనిమిదేళ్లలో కుడి వచ్చినవాళ్లు ముప్పైనాలుగు మంది, పాసైనవాళ్లు ముప్పైముగ్గురు. ఆ ఒక్కడికీ పరీక్షనాడు చలిజ్వరం, దానికి ముత్యాలమ్మ ఏం చేస్తుంది! మడకశిర నుంచి కూడా జనం పిల్లల్ని వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టారు. అమ్మవారికి హెడ్‌మాస్టర్ల కంటే ఎక్కువ తెలుసని బజారులో చెప్పుకున్నారు.

అమ్మవారి సంగతేమో గానీ, వెంకటక్కకు మాత్రం తెలుసు.

రాతి విగ్రహానికి కుడిభుజం కొంచెం వాలుగా ఉంటుంది. పువ్వు కాడ ఎంత తుంచాలో, ఎంత నీటిలో ముంచాలో, దీపం సెగ ఎటు తగిలితే ఏ పువ్వు ముందు ఆరుతుందో అత్త ఆమెకు చేతిలో చెయ్యి వేసి నేర్పింది. నీళ్లతోనే అతికించాలి, గంధం పెట్టగూడదు అన్నది కూడా అత్త మాటే. అక్షరం ముక్క రాని వెంకటక్క ఏ పిల్లకు చదువు వచ్చిందో ఎలా కనిపెట్టింది అంటారా? చెవులున్నాయి కదా! వంటింటి గోడ అవతలే చదువు. రానివాళ్లు చదివితే ఏకబిగిన పోతారు. వచ్చినవాళ్లు మధ్యలో ఆగుతారు, ఒకడుగు వెనక్కి వస్తారు, ఏదో గొణుక్కుని మళ్లీ ముందుకు పోతారు. ఉప్మా రవ్వ వేయించుకుంటూ ఏళ్ల తరబడి విని విని ఆమె ఈ తేడా పట్టింది. ఆగి చదివేవాళ్లకు కుడి, ఆగకుండా చదివేవాళ్లకు ఎడమ. ఇది మోసమని ఆమె ఏనాడూ అనుకోలేదు. అమ్మ నా చెవుల్తో వింటోంది, నా చేతుల్తో ఇస్తోంది అనుకుంది. ఎవరైనా కాదంటే చీపురు తిరగేసేది, కానీ ఎవరికీ తెలియదు గనుక ఆ అవసరం రాలేదు.

అంతా సాఫీగా నడుస్తుండగా సొంత మనవరాలు వచ్చి ఆ బడిలో కూర్చుంది.

ధనుశ్రీ ఆమె కూతురి కూతురు. పదిహేడేళ్లది. పుట్టినప్పటి నుంచీ కొట్లాటకోరు. బస్సులో కిటికీ సీటుకు కొట్లాట, ఊరగాయలో టెంకకు కొట్లాట, తండ్రి చుట్ట తాగితే కొట్లాట. ఆ తండ్రి నాగేశ్ నాలుగెకరాలూ సోలారు పార్కుకు గుత్తకిచ్చి, అదే పార్కులో పలకలు కడిగే పనికి పోతున్నాడు. ఆయన కడిగేది తన పొలంలో నాటిన పలకల్నే. ఒకసారి తండ్రికి సద్ది తీసుకెళ్లినప్పుడు, కంచె లోపల పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఒక అమ్మాయి ఇన్వర్టర్ రూములో మీటర్లు చూసి రాసుకోవడం ధనుశ్రీ కళ్లబడింది. అంతే. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతాను, ఆ రూములోకి పోతాను అని కూర్చుంది. ఐటీఐకి ఎస్సెస్సెల్సీ కావాలి. ఎస్సెస్సెల్సీలో లెక్కలు రెండుసార్లు తన్నాయి.

రెండోసారి రిజల్టు వచ్చిన రోజు మధ్యాహ్నం నుంచి పిల్ల కనబడలేదు. ఉన్న నాలుగు బావుల్లోకీ తొంగి చూశారు. చీకటి పడబోతుండగా నాగేశ్‌కు పలకల వరసల మధ్య దొరికింది. మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. మూడు రోజులు ముద్ద ముట్టలేదు, నోరు తెరవలేదు. ఆ మూడు రోజులూ పక్కన కూర్చున్నది వెంకటక్కే. ఆ భయం ఆమె కడుపులో పడింది, పడింది పడినట్టే ఉండిపోయింది.

బడిలో చేరిన మొదటి ఏడాది ధనుశ్రీ ఆగి ఆగి చదివింది. వెంకటక్క గోడ ఇవతల నుంచి విన్నది. విని, పొయ్యిలో కట్టె ఎగదోసి, విననట్టే ఉండిపోయింది. మళ్లీ తప్పితే? ఆ పలకల మధ్య మళ్లీ వెతుక్కోవాల్సి వస్తే? ఈసారి దొరక్కపోతే? మిగతా పిల్లలు తప్పితే ఏడవడానికి వాళ్ల అవ్వలున్నారు, దీనికి తనే కదా అవ్వ. పువ్వు అడిగే రోజు పొద్దున ఎడమ చామంతిని ఊరికే ఆనించి వదిలింది. రెండో పాటకే రాలింది.

ధనుశ్రీ కొట్లాడలేదు. "ముత్యాలమ్మకు నేను వద్దంట అవ్వా" అని మాత్రం అంది. మరునాటి నుంచి తడిబట్టలతో రోజూ ఇరవైయొక్క ప్రదక్షిణలు మొదలుపెట్టింది. ఏడాది పొడుగునా ఒక్క పూట తప్పలేదు. కిటికీ సీటులో ఎవరు కూర్చున్నా, ఊరగాయ వేసినా వేయకపోయినా కొట్లాట లేదు. పిల్ల బుద్ధిమంతురాలయిందని అందరూ మెచ్చుకున్నారు. వెంకటక్కకు మాత్రం ఆ తడి పాదాల చప్పుడు వినబడినప్పుడల్లా నోట్లో ముద్ద దిగేది కాదు.

అందుకని ఈ ఏడాది గట్టిగా అనుకుంది. ఏమైతే అది కానీ, కుడే.

ఫారాలు పావగడలో ఇవ్వడానికి ఆఖరు రోజు శుక్రవారం. కొందరివి కిందటి వారమే అయిపోయాయి. ఈ సోమవారం నందీష్‌కు కుడి రాలింది, మంగళవారం సింధుశ్రీకి ఎడమ. అలా ఒక్కొక్కరూ అయ్యాక శుక్రవారం ధనుశ్రీ వంతు. అంతా బాగానే ఉంది. గురువారం సాయంత్రం పావగడ నుంచి బట్టలంగడి ప్రహ్లాద్ శెట్టి భార్య వనజాక్షితో కారులో దిగాడు. వాళ్ల ప్రజ్వల్ రెండేళ్ల కిందట ఇక్కడ కుడి పువ్వు మీదే పాసై, ఇప్పుడు తుమకూరులో చదువుతున్నాడు. ఆ మొక్కు కింద శెట్టి ముత్యాలమ్మకు వెండి కవచం చేయించి తెచ్చాడు. మెడ నుంచి నడుము దాకా, రెండు భుజాలూ కలిపి, తళతళలాడుతోంది. వెంటనే తొడిగారు. కొలత సరిగ్గా సరిపోయింది. పొద్దున పూజ చూసి పోతామని దంపతులిద్దరూ రాత్రికి అక్కడే ఆగారు.

శుక్రవారం తెల్లవారి వెంకటక్క గర్భగుడి తలుపు మూసుకుని పువ్వు ముంచి కుడిభుజం మీద పెట్టింది. జర్రున జారి కింద పడింది. ఇంకోటి పెట్టింది. అదీ పడింది. బయట శెట్టి దంపతులుండగా మొక్కు కవచం తీయడానికి లేదు. రాతి సంగతి ఆమెకు ముప్పై ఏళ్లుగా తెలుసు. వెండి సంగతి ఏం తెలుసు? భజన మొదలుకాకముందే రాలితే లెక్కలోకి రాదు, ఎడమది ముందు జారితే కొంప మునుగుతుంది. ఎడమ చామంతిని కవచం అంచులోకి గట్టిగా దోపింది. కుడిదానికి, అత్త వద్దని చెప్పిన పనే, వేలి కొసకు అంటీ అంటనంత గంధం తీసుకుని కాడ కింద రాసి పెట్టింది. నిలిచింది. సెగకు గంధం ఎండగానే వదిలేస్తుందిలే అనుకుంది.

భజన మొదలైంది. ధనుశ్రీ ఎదురుగా కూర్చుంది, కళ్లు మూసుకుని. వెనక పిల్లలు, ఒక పక్క శెట్టి దంపతులు, తలుపు దగ్గర చేతిలో ఫారంతో సంజీవప్ప సారు. ఫారం మీద ఫొటో కూడా అంటించి ఉంది, పిల్ల సంతకమే బాకీ.

భజనలోని ఏడు పాటలూ అయ్యాయి. పువ్వు రాలలేదు. మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. వెంకటక్క దీపం ఒత్తి ఎగదోసింది, ఇంకో దీపం తెచ్చి పక్కన పెట్టింది. గంధం ఎండింది. ఎండి, వదలడానికి బదులు సిమెంటులా పట్టుకుంది. పదకొండయింది. పాడి పాడి పిల్లల గొంతులు బొంగురుపోయాయి. వెండి మీద చామంతి పొద్దున పెట్టినది పెట్టినట్టే ఉంది.

సారు గడియారం చూసుకున్నాడు. పావగడలో ఫారాలు తీసుకునే కిటికీ ఒంటిగంటకు మూసేస్తారు. చెయ్యెత్తి భజన ఆపాడు.

"అమ్మ మాట్లాడలేదు. ల్యాదనే అనుకోవాల" అన్నాడు. ఆయన గొంతులో బాధ ఉంది, కానీ చేతులు ఫారాన్ని మడిచి సంచిలో పెడుతున్నాయి.

ధనుశ్రీ కళ్లు తెరిచింది. నేలకు నుదురు ఆనించి మొక్కింది. లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచి, బిందెడు నీళ్లు నెత్తిన కుమ్మరించుకుని, ప్రదక్షిణ మొదలుపెట్టింది. ఒకటి. రెండు.

మూడోసారి గడప ముందుకు వచ్చేసరికి వెంకటక్క ఇంక తట్టుకోలేకపోయింది.

"నిలుపే, ఆ తిరుగుడు నిలుపు!" అని అరిచింది. గుడిలో అట్లా అరవడం ఎవరూ ఎరగరు. "సారూ, అమ్మ మాట్లాడకపోవడం కాదు. నేను గంధం పెట్టినా. అందుకే రాల్లేదు."

"గంధమా? ఎందుకు పెట్టినావు?"

"వెండి మీద నీళ్లు నిలవకపాయ. కుడి రాలాలని పెట్టినా. ఈ పొద్దే గాదు సారూ, ఎనిమిదేండ్లు నేనే. కుడి నేనే, ఎడమ నేనే. అమ్మ కాదు."

శెట్టి లేచి నిలబడ్డాడు. "మా ప్రజ్వల్‌ది గూడా నువ్వేనా?"

"నేనే శెట్టీ. మీవోడు త్రికోణాల కాడ ఆగి ఆగి సదివినాడు. అది విని కుడి పెట్టినా."

శెట్టి కవచం వైపు చూశాడు, వెంకటక్క వైపు చూశాడు. రెండు చేతులూ జోడించాడు గానీ ఎవరికి జోడించాడో ఆయనకే తెలిసినట్టు లేదు. వనజాక్షి ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

సంజీవప్ప సారు గడప మీద కూలబడ్డాడు. ఆయన మొహం చూడలేక పిల్లలు నేల చూపులు చూశారు. "ముప్పైనాలుగు మంది" అన్నాడు సారు. "నేను అమ్మనడుగుతా ఉండాను అనుకుంటి. నాకు ఒక్క మాట చెప్పింటే ఏం పోయింది వెంకటక్కా?"

"చెప్పింటే నమ్ముతుంటివా సారూ? అచ్చరం రానిదాని మాట మీద పిల్లోళ్లను పరీచ్చకు పంపుతుంటివా?"

 తన లెక్కతో ఎవరి బతుకూ తూచనని సారు తప్పుకుంటే, తూకం వంటింట్లోకి పోయింది. కోపం వచ్చిందో, సిగ్గు వేసిందో, రెండూనో, మెడ దాకా ఎర్రబడ్డాడు. లేచి, సంచిలోంచి ఫారం తీసి, మడత విప్పి తొడ మీద సాపు చేశాడు.

"ఈ పిల్లకు వచ్చునా?" అన్నాడు వెంకటక్కతో.

"వచ్చు. పోయినేడే వచ్చు."

అనేసింది. నోరు జారిందని మరుక్షణమే తెలిసింది. అయినా జారిన మాట కూడా నిజమే కదా, ఎటూ చెప్పాల్సిందే అనుకుని తల వంచుకుంది.

సారు ధనుశ్రీ వైపు తిరిగాడు. "నువ్వేమంటావు? రాస్తావా?" అని అడిగాడు. ఎనిమిదేళ్లలో ఆ బడిలో ఒక పిల్లను నేరుగా ఆ మాట అడగడం అదే మొదలు.

 ధనుశ్రీ తడిబట్టలతో గడప అవతలే నిలబడి అవ్వను చూసింది.

"పోయినేడు ఎడమ రాలింది. అది గూడా నువ్వేనా?"

"నేనే."

"నాకు రాదని పెట్టినావా?"

"కాదే. వచ్చునని తెలుసు." అంది వెంకటక్క. "బయమేసింది. మళ్లా తప్పితే యాడికి పోతావో, ఏం చేసుకుంటావో అని బయమేసింది. అంతే."

 ధనుశ్రీ లోపలికి వచ్చి, సారు చేతిలోంచి ఫారం తీసుకుని, గచ్చు మీద పెట్టుకుని సంతకం చేసింది. తడి చేతికి కాగితం అంటుకుంటే ఊది ఆరబెట్టింది. సారు బండి తాళం తీసుకున్నాడు. "బట్టలు మార్చుకోపో, ఒంటిగంట లోపల పావగడలో ఉండాల" అన్నాడు. అయిదు నిమిషాల్లో మార్చుకుని వచ్చింది.

మిట్ట దిగువన బండి స్టార్ట్ అయింది. వెంకటక్క గుడి మెట్ల దాకా వచ్చి నిలబడింది. అక్కడి నుంచి చూస్తే దూరంగా పలకలు నీలంగా పరుచుకుని ఉంటాయి, ఆమె ఆ వైపు చూడలేదు. బండెక్కిన పిల్ల దిగి, వెనక్కి మెట్ల దగ్గరికి వచ్చింది. వెంకటక్కకు ప్రాణం లేచి వచ్చింది. చెయ్యి చాచింది.

ధనుశ్రీ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"ముత్యాలమ్మే వద్దన్నాదని ఏడాది నోరు మూసుకుని తిరిగినా గదా అవ్వా" అంది. "నువ్వని తెలిసింటే కొట్లాడేదాన్ని."

మళ్లీ కిందికి దిగి సారు వెనక బండెక్కి కూర్చుంది. బండి రోడ్డెక్కి పావగడ వైపు తిరిగింది.